ఆ ట్యూన్‌లో ‘నిన్న’ పట్టదు

ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ పాట ‘యెస్టర్‌డే’ని తెలుగులో పాడదామని కూర్చున్నవాళ్లకు మొదటి మాట దగ్గరే చిక్కు వస్తుంది. ఆ మాటకు తెలుగు ‘నిన్న’ అని ఒకటో తరగతి పిల్లాడైనా చెబుతాడు. కానీ గిటార్ మీద ఆ మొదటి మూడు స్వరాలు వాయించి, వాటి మీద ‘నిన్న’ను పెట్టి చూస్తే కూర్చోదు. మొదటి రెండు స్వరాలు చిటికెలో అయిపోతాయి. మూడోది బార్ (తాళంలో ఒక ఆవర్తం) చివరిదాకా సాగుతుంది. ఛందస్సులో చెప్పాలంటే లఘువు, లఘువు, గురువు: స గణం. ‘నిన్న’లో ద్విత్వం ఉంది కాబట్టి ‘ని’ గురువైపోతుంది, సాగాల్సిన చోటికి వచ్చేసరికి ‘న్న’ పొట్టిగా మిగులుతుంది. ‘నిన్నటి’ అంటే భ గణం, ‘నిన్ననే’ అంటే ర గణం. ఏదీ కుదరదు. బలవంతాన సాగదీస్తే ‘నినా’ అని వినిపిస్తుంది తప్ప ‘నిన్న’ అని వినిపించదు.

‘గతమే’ అంటే సరిగ్గా స గణం. కొలతకు అతికినట్టు సరిపోతుంది. అయితే ఇంగ్లీషులో ఆ మొదటి మాట జనం రోజుకు పదిసార్లు వాడేది. తెలుగులో ‘గతమే’ అనగానే మైకు ముందు ఎవరో ఉపన్యాసం ఎత్తుకున్నట్టు ఉంటుంది. తిరుపతిలో ఏ కాలేజీ యాన్యువల్ డేలోనో ఓ కుర్రాడు గిటార్ పట్టుకుని ‘గతమే...’ అని మొదలుపెడితే ముందు వరసలో నవ్వులు ఖాయం. ఈ ముడి విప్పడానికి దారి ఉంది, కానీ అక్కడికి చేరాలంటే ముందు ఒక నమ్మకాన్ని వదులుకోవాలి. పాటను ఇంకో భాషలోకి తేవడమంటే అర్థాన్ని తేవడమే అన్న నమ్మకం అది.

ఈ పాట పుట్టుకే దానికి ఎదురు సాక్ష్యం. 1965లో రికార్డయిన ఈ రెండు నిమిషాల పాటకు ట్యూన్ ముందు వచ్చింది, మాటలు రాలేదు. ట్యూన్ మర్చిపోకుండా ఉండటానికి బీటిల్స్ గాయకుడు పాల్ మాకార్ట్‌నీ దాని మీద ‘స్క్రాంబుల్డ్ ఎగ్స్’ అని పెట్టుకుని పాడుకున్నాడు. అంటే గిలక్కొట్టి వేయించిన కోడిగుడ్లు. మన సినిమావాళ్లు దీన్నే డమ్మీ లిరిక్ అంటారు. సంగీత దర్శకుడు ‘తననా’ అనో, నోటికొచ్చిన మాటలతోనో ట్యూన్ పాడి ఇస్తే, రచయిత ఆ కొలతలో అసలు మాటలు కూర్చుతాడు. కోడిగుడ్ల చోట విరహం వచ్చి కూర్చుంది. సొంత భాషలోనే కొలత ముందు, అర్థం తర్వాత అయినప్పుడు, పరాయి భాషలోకి తెచ్చేవాళ్లు అర్థాన్ని పట్టుకుని వేలాడటంలో పస లేదు. తేవాల్సింది ఏ స్వరం మీద నోరు తెరుచుకుంటుంది, ఏ స్వరం మీద మూసుకుంటుంది అన్నది. అర్థం ఆ తర్వాత వచ్చి చేరుతుంది. ఒక్కోసారి వేరే అర్థం వస్తుంది, దానివల్ల పాట చెడిపోదు.

అమెరికా గాయకుడు ఫ్రాంక్ సినాట్రా 1969లో విడుదల చేసిన ‘మై వే’ చూడండి. జీవితమంతా నా ఇష్టప్రకారం బతికాను అని ఒక పెద్దాయన ఛాతీ విరుచుకుని చెప్పే పాట. దాని మూలం క్లోద్ ఫ్రాన్స్వా పాడిన ఫ్రెంచి పాట, 1967 నాటిది. ఆ ఫ్రెంచి పల్లవికి అర్థం ‘ఎప్పట్లాగే’. అందులో గొప్ప జీవితం లేదు, గర్వం లేదు. ప్రేమ ఇంకిపోయిన ఒక జంట పొద్దున లేచి, రాత్రి పడుకునే దాకా ఎప్పట్లాగే నటిస్తూ గడిపే రోజు ఉంది. పాటల రచయిత పాల్ అంకా ఆ ట్యూన్ హక్కులు తెచ్చుకుని ఇంగ్లీషులో పూర్తిగా వేరే కథ రాశాడు. దాన్ని అనువాదం అనలేం. ఫ్రెంచి పాట తెలిసినవాళ్లకు ఇది ద్రోహంలా కూడా అనిపించవచ్చు. కానీ ‘వే’ అనే ఆ చివరి మాట మీద నోరు హాయిగా తెరుచుకుంటుంది, గాయకుడు గుక్క ఉన్నంతసేపు పట్టుకోగలడు. సినాట్రా గొంతుకు కావలసింది అదే.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ జపాన్ నుంచి. క్యూ సకమోతో 1961లో పాడిన పాట ‘ఉఎ ఓ ముయితె అరుకో’. కన్నీళ్లు కింద పడకుండా పైకి చూస్తూ నడుద్దాం అని దాని అర్థం. 1963 జూన్‌లో అది అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో ఒకటో స్థానానికి ఎక్కింది, అదీ జపనీస్‌లోనే. కొన్నవాళ్లలో ఎక్కువమందికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. పైగా పలకడానికి సులువుగా ఉంటుందని విదేశాల్లో దానికి ‘సుకియాకి’ అని పేరు పెట్టారు. సుకియాకి అంటే మాంసం, కూరగాయలు వేసి ఉడికించే వంటకం. మన విషాద గీతం ఒకదాన్ని ‘రాగి సంగటి’ అనే పేరుతో అమ్మినట్టు. అయినా ఆ గొంతులోని దిగులు జనానికి అందింది.

పరాయి ట్యూన్‌కు సొంత మాటలు కట్టే పని చేసినవాళ్లు తిరుపతి దాపుల్లోనూ ఉన్నారు, అదీ రెండు శతాబ్దాల కిందట. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో పుత్తూరు, నగరి దాటాక తిరుత్తణి వస్తుంది. ఇప్పుడు తమిళనాడులో ఉన్నా, 1960లో సరిహద్దులు మార్చే దాకా అది చిత్తూరు జిల్లాలోదే. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితర్ తొలి కృతి పుట్టింది ఆ కొండ మీద అంటారు. 1775 నుంచి 1835 దాకా జీవించిన దీక్షితర్, మద్రాసు పక్కన మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జి కోటలో తెల్లవాళ్ల బ్యాండు వాయించే పాటలు విన్నారు. ఆ ట్యూన్లకు సంస్కృతంలో సాహిత్యం రాశారు. వాటినే నొట్టుస్వరాలు అంటారు. ‘నోట్’ అన్న ఇంగ్లీషు మాటే నొట్టు అయింది. దాదాపు 40 దాకా ఉన్నాయి. ఈ రోజుకీ సంగీతం నేర్చుకునే పిల్లలకు వీటిని నేర్పుతుంటారు.

వాటిలో ఒకటి ‘సంతతం పాహిమాం సంగీత శ్యామళే’. దాని ట్యూన్ బ్రిటిష్ రాజును దేవుడు కాపాడాలని కోరే వాళ్ల జాతీయ గీతం. ఇక్కడ కొంచెం ఆగి చూడాల్సిన పనితనం ఉంది. ఇంగ్లీషు మొదటి పాదంలో ఆరు అక్షరాలు: ‘గాడ్ సేవ్ అవర్ గ్రేషస్ కింగ్’. సంస్కృతంలోనూ ఆరే: సం, త, తం, పా, హి, మాం. మొదటి మూడు స్వరాలు సమానంగా నడుస్తాయి. తర్వాతి మూడింటిలో మొదటిది ఒకటిన్నర దెబ్బ సాగుతుంది, రెండోది అరదెబ్బలో దాటిపోతుంది, మూడోది నిలబడుతుంది. ‘పాహిమాం’లో ‘పా’ దీర్ఘం, ‘హి’ పొట్టి, ‘మాం’ మళ్లీ దీర్ఘం. చెప్పు తీసుకుని కాలికి కొలిచినట్టు కుదిరింది. రెండో పాదం ‘సంగీత శ్యామళే’లో కూడా ఆరు అక్షరాలే.

అర్థం సంగతి? రాజు పోయి అమ్మవారు వచ్చింది. ఆసక్తికరం ఏమిటంటే ‘కాపాడు’ అన్న భావం మాత్రం మిగిలింది. అక్కడ రాజును కాపాడమని దేవుణ్ని అడిగారు, ఇక్కడ నన్ను కాపాడమని దేవిని. మూలం తెలిసే ఆ మాట ఉంచారా, స్తోత్రంలో ఎలాగూ వచ్చే మాటే వచ్చిందా అన్నది తేల్చనక్కర్లేదు. విదేశీ ట్యూన్‌ను మరో భాషలో కవర్ చేయడం, అంటే ఒకరి పాటను ఇంకొకరు పాడటం, ఎలా ఉండాలో చెప్పమంటే ఈ ఒక్క పాదం చూపిస్తే చాలు.

సంస్కృతంలో అంత సులువుగా కుదిరిన పని తెలుగులో ఇంగ్లీషు పాప్‌తో ఎందుకు కుదరదు? దీక్షితర్ ఎంచుకున్నవి బ్యాండు ట్యూన్లు. ఒక్కో స్వరం నిదానంగా, లెక్కగా నడుస్తుంది. పాప్ పాట మాట్లాడినట్టు నడుస్తుంది, కాబట్టి మాట్లాడే భాష లక్షణం ట్యూన్‌లోకి ఎక్కిపోతుంది. ఇంగ్లీషులో దెబ్బ ఊనిక (మాటలో నొక్కి పలికే చోటు) మీద పడుతుంది. ‘యెస్టర్‌డే’లో ఊనిక ‘యెస్’ మీద ఉంది. స్వరం పొట్టిదే అయినా చెవికి అదే బరువుగా తగులుతుంది. తెలుగులో అలాంటి ఊనికకు పెద్ద పని లేదు. ఇక్కడ బరువు మాత్రలతో వస్తుంది, ఎంతసేపు పలికామన్నదే లెక్క. అదే మూడు స్వరాల మీద తెలుగు మాట పెడితే బరువంతా మొదటి అక్షరాన్ని వదిలి సాగే మూడో అక్షరం మీదికి జరుగుతుంది. ట్యూన్ మారదు, కానీ నడక మారుతుంది.

రెండో తేడా పొడవు. ‘ఐ లవ్ యూ’ మూడు అక్షరాల్లో అయిపోతుంది. ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అంటే తొమ్మిది. మూడు స్వరాల చోట తొమ్మిది అక్షరాలు కుక్కితే పాట కాస్తా రైల్వే అనౌన్స్‌మెంట్ అవుతుంది. అదృష్టవశాత్తూ తెలుగుకు ఒక సౌకర్యం ఉంది. ‘నేను’ తీసేయొచ్చు, ‘నిన్ను’ తీసేయొచ్చు, చివరి ‘ను’ కూడా తీసేయొచ్చు. ‘ప్రేమిస్తున్నా’ అంటే నాలుగే. ఎవరు ఎవరిని అన్నది వినేవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. ఇంగ్లీషులో కర్తను ఇంత తేలిగ్గా వదలడం కుదరదు. తెలుగులో కవర్ రాసేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది వదిలేయడమే.

మూడోది, మాట ముగిసే తీరు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషువి ఎక్కువగా హల్లుతో తెగుతాయి. హల్లుతో తెగే మాట వరస చివర ఠక్కున ఆగుతుంది, ఆ ఆగడమే కొన్ని రాక్ పాటలకు అందం. అదే చోట తెలుగు మాట పెడితే చివరి అచ్చు తోకలా సాగి, దెబ్బ దాటి పక్క గదిలోకి పోతుంది. అందుకే ఇంగ్లీషు రాక్ కన్నా సాగే స్వరాలున్న పాత మెలొడీలు తెలుగులోకి బాగా వస్తాయి.

ఆ మాటకొస్తే అందరూ ఇంగ్లీషు పాటల మీదే పడటం ఎందుకు? తెలుగు నోటికి జపనీస్, ఇటాలియన్ పాటలు ఎక్కువ దగ్గర. జపనీస్ అక్షరాలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. ఆ భాషలోనూ కాలాన్ని మాత్రల్లాగే లెక్కపెడతారు. ద్విత్వానికి ఒక మాత్ర అదనం, దీర్ఘానికి ఒక మాత్ర అదనం. మన గురులఘువుల లెక్కకు అన్నదమ్ముడి వరస. సకమోతో పాట పల్లవి తీసుకుని ‘తననా’ అని పాడి, మాటలు వేసి చూస్తే ఇంగ్లీషు పాటకు పట్టే తిప్పలు పట్టవు. 1958లో దొమెనికో మోదున్యో పాడిన ఇటాలియన్ పాట ‘వొలారె’ కూడా అంతే. ఆ మాటకు అర్థం ‘ఎగరడం’. ఆ అచ్చుల మీద తెలుగు గొంతు ఇబ్బంది లేకుండా ఎగురుతుంది. ఇంగ్లీషు అందరికీ కాస్తో కూస్తో అర్థమవుతుంది కాబట్టి దాన్నే సులువనుకుంటాం. అర్థమయ్యే భాషకూ, ట్యూన్ లొంగే భాషకూ చుట్టరికం లేదు.

ఇక మొదటి ముడికి వద్దాం. ‘నిన్న’ పట్టలేదు, ‘గతమే’ బిగుసుకుంది. అర్థాన్ని ఒక్క అడుగు జరపడానికి ఒప్పుకుంటే ‘నిరుడే’ ఉంది. ని, రు, డే: లఘువు, లఘువు, గురువు. సీమలో పెద్దవాళ్లు ఇప్పటికీ పోయినేడాదిని నిరుడు అనే అంటారు, కాబట్టి పుస్తకాల వాసన లేదు. ఒక రోజు కాస్తా ఒక ఏడాది అయింది, అంతే. పోయిన సుఖం నిన్నటిదైనా నిరుటిదైనా పాటకు ఒరిగేదీ తరిగేదీ లేదు. పైగా అసలు బహుమతి చివరి అక్షరంలో ఉంది. ఇంగ్లీషు మాట ముగిసేదీ ‘డే’తోనే, తెలుగు మాట ముగిసేదీ ‘డే’తోనే. సాగే స్వరం మీద గాయకుడి నోరు రెండు భాషల్లోనూ ఒకేలా తెరుచుకుంటుంది. మూలంలో తర్వాతి వరసలు కూడా ఆ ‘ఏ’ చప్పుడుతోనే ముగుస్తూ పోతాయి. ‘అపుడే’, ‘కలలే’, ‘మనమే’ అంటూ నొక్కి చెప్పే ‘ఏ’ తెలుగులో ఎన్ని మాటలకైనా తగులుతుంది కాబట్టి అంత్యప్రాసకు కరువు లేదు. నిఘంటువు పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఈ మాట దొరకదు. ట్యూన్‌ను పదిసార్లు గొణుక్కున్నవాళ్లకు దొరుకుతుంది.

మాటలు మార్చకుండా మూల భాషలోనే పాడటం రెండో దారి. అమెరికా గాయకుడు నాట్ కింగ్ కోల్‌కు స్పానిష్ రాదు. అయినా 1958లో స్పానిష్ పాటలతో ఒక ఆల్బమే చేశాడు, మాటలను చప్పుళ్లుగా బట్టీ పట్టి. బీటిల్స్ మాత్రం మాటలు మార్చుకుని 1964 జనవరి 29న పారిస్ స్టూడియోలో తమ రెండు హిట్ పాటలను జర్మన్‌లో పాడారు. జర్మన్ మాటలు లేకపోతే జర్మనీలో రికార్డులు అమ్ముడుపోవని కంపెనీ పట్టుబట్టింది. తీరా చూస్తే వాళ్ల ఇంగ్లీషు పాటలే ప్రపంచమంతా అమ్ముడుపోయాయి, మళ్లీ ఆ అవసరం పడలేదు.

ఈ రెండో దారి తిరుపతికి కొత్త కాదు. ఇక్కడి కల్యాణ మండపాల్లో రిసెప్షన్ ఆర్కెస్ట్రాలు ఒకే సాయంత్రం తెలుగు, తమిళం, కన్నడం, హిందీ పాడేస్తాయి. అబ్బాయి వైపువాళ్లు వేలూరు నుంచి, అమ్మాయి వైపువాళ్లు బెంగళూరు నుంచి వస్తే అంతే మరి. గాయకులు తమిళ పాటను తెలుగు లిపిలో రాసుకుంటారు. గుక్క తీసుకునే చోట ఒక గీత, సాగదీసే అక్షరం పక్కన రెండు మూడు ‘ఆ’లు. ఆ పేజీలో ఉండేది పాట చప్పుడు మాత్రమే. చిక్కంతా లిపిలో లేని చప్పుళ్ల దగ్గర వస్తుంది. వానకు తమిళంలో ఉన్న మాటలో ‘ళ’ కాని ‘ళ’ ఒకటి ఉంది. మామూలు తెలుగు రాతలో దానికి అక్షరం లేదు. ‘ళ’ రాసుకుని ‘ళ’ అనే పాడితే తమిళులు వెంటనే పట్టేస్తారు. ఇంగ్లీషులో అయితే ‘లవ్’ చివర తెలుగు నోరు తనకు తెలియకుండానే ‘ఉ’ చేరుస్తుంది. బస్సు, కారు అలవాటు. ‘లవ్వు’ అయితే ఒక అక్షరం రెండై, ఖాళీగా ఉండాల్సిన చోట చప్పుడు వస్తుంది. యాస గురించి సిగ్గుపడాల్సిన పని లేదు కానీ ఈ అదనపు ‘ఉ’ను మాత్రం కోసేయాలి. అది యాసను దాటి తాళం తప్పడం కిందికి వస్తుంది.

పరాయి భాషలో పాడటానికి ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకోవచ్చో చూడాలంటే తిరుపతి దూరం పోనక్కర్లేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి మాతృభాష తమిళం. ఆమె పాడిన అన్నమయ్య సంకీర్తనలు విన్న తెలుగువాళ్లకు ఆ సంగతి గుర్తే రాదు. తమిళ లిపిలో క, గ, ఖ, ఘలకు ఒకటే అక్షరం. ఆ అలవాటు నుంచి వచ్చిన గొంతు ఒత్తులను అంత శుభ్రంగా పలికిందంటే బట్టీ సరిపోదు, నోటికి మళ్లీ నడక నేర్పాలి. ఊళ్లో ఆమెకు విగ్రహం పెట్టారు.

రెండు దారుల్లో ఏది మేలు? స్టేజి మీద అయితే మూల భాషే మేలు. వినేవాళ్ల చెవిలో పాత రికార్డు ఉంటుంది, దానికి దగ్గరగా వెళ్తే చాలు. పాట ఇంటికి రావాలంటే, వంట చేస్తూ ఎవరైనా కూనిరాగం తీయాలంటే, తెలుగు మాటలు కావాలి. అయితే అక్కడ చట్టం అడ్డు వస్తుంది.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012 సవరణతో అందులో 31సి అనే సెక్షన్ చేరింది. పాట మొదట రికార్డయిన ఏడాది ముగిసి అయిదేళ్లు దాటాక, ముందుగా నోటీసు, రాయల్టీ ఇచ్చి ఎవరైనా కవర్ చేసుకోవచ్చు. రాయల్టీ ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన కట్టాలి. కానీ ఈ వెసులుబాటు పాటను ఉన్నదున్నట్టు పాడటానికే. మాటలు మార్చడానికి కాదు. అనువదించే హక్కు విడిగా హక్కుదారు చేతిలోనే ఉంటుంది. కాబట్టి ‘నిరుడే’ అని ఎంత బాగా కుదిరినా, రికార్డు చేసి అమ్మాలంటే అనుమతి కావాలి. పాటకు ఇద్దరు రచయితల పేర్లుంటే, ఇద్దరిలో చివరగా పోయినవాళ్ల తర్వాత 60 ఏళ్ల దాకా ఇక్కడ హక్కు ఉంటుంది. విద్యార్థులు, తల్లిదండ్రులు, సిబ్బంది మాత్రమే ఉన్న కాలేజీ కార్యక్రమంలో పాడటానికి సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. పెళ్లి వేడుకలకూ ఇస్తుంది. అదే పాటను ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెడితే ఆ మినహాయింపు వెంట రాదు. పాటలను పోల్చి పట్టే అక్కడి కంటెంట్ ఐడీ వ్యవస్థ మాటలు మారినా ట్యూన్‌ను పట్టగలదు. చాలాసార్లు హక్కుదారు వీడియోను ఉండనిచ్చి యాడ్ డబ్బులు తీసుకుంటాడు, కొన్నిసార్లు తీసేయిస్తాడు. దీక్షితర్‌కు ఈ టెన్షన్ లేదు.

పాడటానికి రాసిన మాటకూ చదవడానికి రాసిన మాటకూ తేడా ఎంతో చూపించే కాగితం ఒకటి ఈ ప్రాంతంలోనే పుట్టింది. 2022 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెకు, బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చారు. అక్కడ ‘జనగణమన’ పాడి వినిపించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. ఆమె ట్యూన్‌ను స్వరాల్లో రాసిపెట్టింది. టాగూరే పాటను ఇంగ్లీషులోకి మార్చి, ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టి, కింద సంతకం చేసి ఇచ్చారు. ట్యూన్, మాట రెండూ తనవే అయిన మనిషి, స్వయంగా నోబెల్ కవి, అదే ఊళ్లో, అదే రోజుల్లో చేసిన అనువాదం. అయినా ఆ ఇంగ్లీషు ఆ ట్యూన్‌లో పట్టదు. ‘జనగణమన’ ఆరు లఘువులు వరసగా దొర్లుకుంటూ వస్తాయి. ఇంగ్లీషు వరస గంభీరమైన వచనం, చదువుకోవడానికి బాగుంటుంది. టాగూర్ దాన్ని పాడించాలని రాసినట్టు లేదు, అచ్చులో అర్థం అందాలని రాశారు.

ఈ జిల్లాల బళ్లలో పొద్దున ప్రార్థన చివర పిల్లలు పాడేది ఆ బెంగాలీ పాటే, అనువాదం లేకుండా, చాలామందికి మాటల అర్థం పూర్తిగా తెలియకుండా. బెంగాల్‌లో అదే పాట పాడితే ‘జొనొగొనొమొనొ’ అని గుండ్రంగా వినిపిస్తుంది. ఇక్కడ నోరు విప్పి ‘జనగణమన’ అంటారు.